స్క్రూ తిప్పే ముందు ఒక్క మాట

మీ ఇంట్లో ఒక మడతకత్తి ఉంటుంది. ఉండదంటే నేను నమ్మను. టీవీ కింద సొరుగులోనో, అయిపోయిన సెల్లులు, రబ్బరు బ్యాండ్లు, ఏ తాళానిదో తెలియని తాళంచెవి పడేసే డబ్బాలోనో ఓసారి వెతకండి. అమెరికా నుంచి వస్తూ ఏ మేనల్లుడో చాక్లెట్లతోపాటు తెచ్చిన ఎర్రపిడి స్విస్ చాకు కావచ్చు. తిరునాళ్లలో కొన్న ఇత్తడిపిడి చాకు కావచ్చు. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి ముచ్చటపడి తెప్పించుకున్న నల్లటి కత్తి కావచ్చు. దొరికిందా? ఏదీ, తెరవండి.

గోరు పెట్టి లాగితే గోరు వంగింది గానీ కత్తి కదల్లేదు, అంతేనా? లేకపోతే తెరుచుకుంది గానీ పక్కలకి టకటకలాడుతోంది. ఈ రెంటిలో ఒకటి అయి ఉంటుందని పందెం కాస్తాను. మనవాళ్లు కత్తి అనగానే పదును సంగతే ఎత్తుతారు. సాన పట్టించావా, గీకితే వెంట్రుక తెగుతుందా అని అడుగుతారే తప్ప, సాఫీగా తెరుచుకుంటోందా అని ఒక్కరూ అడగరు. అసలు తెరుచుకోని కత్తికి పదునుండి ఎవరికి లాభం? అందుకని ఈసారి కబుర్లన్నీ పదును జోలికి పోకుండా, ఇరుసు చుట్టూనే.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ జాతిదో తేల్చుకుందాం. కత్తి తిరిగేచోట పిడి పక్కభాగం చూడండి. నున్నగా అరగదీసిన మేకు తల కనిపిస్తే, లేదా అసలేమీ కనిపించకపోతే అది రివిట్టు కత్తి. గుంట ఉన్న స్క్రూ కనిపిస్తే అది మరకత్తి. రివిట్టు కత్తుల్లో ఎక్కువ వాటికి పిడి వెన్ను పొడుగునా ఉక్కు పట్టీ ఒకటి ఉంటుంది. అదే స్ప్రింగు. బ్లేడుకి ఇరుసు చిల్లు ఉండే మందపాటి చివరను మడమ అనుకుందాం. ఆ మడమను ఉక్కు పట్టీ రాత్రనకా పగలనకా నొక్కిపెట్టి ఉంచుతుంది. మూసిన కత్తిని మూసి ఉంచేదీ, తెరిచిన కత్తిని తెరిచి ఉంచేదీ ఆ నొక్కుడే. వేరే తాళమంటూ ఏమీ లేదు. ఎర్రపిడి స్విస్ చాకులో మామూలు బ్లేడ్లు ఈ బాపతే.

చాలా మరకత్తుల్లో పని ఇద్దరు పంచుకుంటారు. తిప్పుడంతా ఇరుసు స్క్రూ చూసుకుంటుంది. పూర్తిగా తెరుచుకోగానే పిడి లోపలి నుంచి ఒక లోహపు నాలుక పక్కకి జరిగి మడమ వెనక అడ్డం నిలబడుతుంది. 1980ల తొలినాళ్లలో అమెరికాలో మైకేల్ వాకర్ అనే కత్తుల పనివాడు ఈ నాలుక తాళాన్ని ఇప్పుడు మనం చూసే రూపానికి తెచ్చాడు. దాదాపు ఆ రోజుల్లోనే, 1981లో, స్పైడర్కో కంపెనీ బ్లేడుకి గుండ్రటి చిల్లు పెట్టి, బొటనవేలితో ఒంటిచేత్తో తెరిచే కత్తిని దించింది. దాంతో గోటికి పని తప్పింది, ఇరుసుకి పని పెరిగింది. రెండు చేతులతో లాగి తెరిచే రోజుల్లో ఇరుసు కాస్త మొరాయించినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఒక్క బొటనవేలు తోస్తే తెరుచుకోవాలంటే మాత్రం ఇరుసు బిగువు లెక్క తప్పకూడదు.

వెన్ను స్ప్రింగు చాకులంటే పడిచచ్చేవాళ్లు ఇంగ్లీషులో ‘వాక్ అండ్ టాక్’ అని రెండు గుణాలు చూస్తారు. తెరుస్తున్నంతసేపూ ఎక్కడా ఆగకుండా, గీరుకోకుండా రావడం నడక. చివర్లో ‘టక్’మనడం మాట. ఇంత చిన్న వస్తువుకి ఇంత శాస్త్రమా అని నవ్వకండి. ఆ ‘టక్’ వినిపించిందంటే స్ప్రింగు మడమ చదును మీద పూర్తిగా కూర్చుందన్నమాట. మెత్తగా, మూలుగుతూ ఆగిందంటే మధ్యలో ఏదో ఇరుక్కుంది.

ఏమిరుక్కుంది? నా గోలంతా దాని గురించే. కత్తి బిగుసుకుందనగానే మన చెయ్యి స్క్రూడ్రైవరు కోసం వెతుకుతుంది. ఇంకొందరు నేరుగా సుత్తి అందుకుంటారు. కాస్త ఆగండి. చాలాసార్లు తప్పు స్క్రూది కాదు, మకిలిది. కావాలంటే ఒక పుల్ల మొన చదునుగా చెక్కి, కత్తి తెరిచి ఉంచి, పిడి చీలిక అడుగుదాకా తోసి లాగండి. ముందుగా బూడిదరంగు పీచు ఉండ ఒకటి వస్తుంది. అది జేబుగుడ్డ పీచు, లుంగీ పీచు. ఆ వెనకే నల్లటి పాకం. పోయిన వేసవిలో కోసిన మామిడికాయ రసం, ఎప్పుడో చెక్కిన బెల్లం ముక్క, పెన్సిలు పొట్టు, పార్సిలు మీది టేపు జిగురు అన్నీ కలిసి ముదిరిన పాకమది. ఇంకోసారి గుచ్చితే ఎండిపోయిన చీమ కూడా రావచ్చు. బెల్లం ఉన్నచోటికి చీమ రాదూ మరి! ఇంత సరుకు లోపల పెట్టుకుని స్క్రూ వదులు చేస్తే ఏమవుతుంది? కత్తి తెరుచుకుంటుంది, నిజమే. మకిలి మాత్రం అక్కడే ఉంటుంది, దాని చుట్టూ బ్లేడు ఊగడం మొదలెడుతుంది. ఊగుతోందని మళ్లీ బిగిస్తారు. బిగుసుకుందని మళ్లీ వదులు చేస్తారు. స్క్రూ గుంట అరిగిపోయేదాకా ఇదే తంతు.

కడగడానికి పెద్ద తతంగం అక్కర్లేదు. లోటాడు గోరువెచ్చటి నీళ్లు, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు, పారేయబోయే పళ్ల బ్రష్షు ఉంటే చాలు. కత్తిని నీళ్లలోనే ఉంచి తెరుస్తూ మూస్తూ ఉండండి. వేళ్లు పదును దారిలోకి రాకుండా చూసుకోవాలి సుమా, తడి పిడి జారుతుంది. ముందు నీళ్లు నల్లబడతాయి, తర్వాత బ్లేడు నడక మారుతుంది. ఆ మార్పు వేలికే తెలుస్తుంది. మంచినీళ్లతో ఒకసారి కడిగి, దులిపి, ఫ్యాను కిందో జుట్టారబెట్టే యంత్రం ముందో తెరిచిపెట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం దగ్గరే జనం తొందరపడతారు. పైన పొడిగా కనిపించినా ఇరుసు సందులో నీళ్లు నిలిచే ఉంటాయి. విశాఖలోనో కాకినాడలోనో ఉంటే ఉప్పుగాలి దానికి తోడవుతుంది. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని కాదు, త్వరగా పట్టదని. కర్రపిడి కత్తిని మాత్రం ఇలా నీళ్లలో ముంచకండి. దాని కథ వేరే ఉంది, వస్తున్నా.

ఆరింది. ఇప్పుడు నూనె. ఏ నూనె? మీ చెయ్యి కొబ్బరినూనె సీసా మీదికి పోతోందని నాకు తెలుసు. వద్దండీ. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర పేరుకోవడం మొదలెడుతుంది. డిసెంబరులో ఆదిలాబాదు వైపు సీసాని ఎండలో పెట్టుకుని గానీ తలకి రాసుకోలేరు. కత్తి ఇరుసులో పేరుకున్న నూనెని ఎండలో ఎవరు పెడతారు? మిగతా వంటనూనెలు ఇంకో రకం. గాలి తగిలి ముదిరి జిగురుగా మారతాయి. ఆవకాయ జాడీ మూత చుట్టూ కారిన నూనెని చూసినవాళ్లకి నేను వేరే చెప్పాలా?

కుట్టుమిషను నూనె బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పలచన, జిగురు కట్టదు, ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. కాకపోతే అదే కత్తితో జామకాయ కోసుకు తినేవాళ్లకి మందుల షాపు మేలు. ఉత్త లిక్విడ్ పారఫిన్ అడగండి. రంగూ రుచీ వాసనా లేని ఖనిజ తైలమది. షాపతను మిమ్మల్ని ఒకరకంగా చూసి, జాలిగా, తెల్లటి పాలలాంటి విరేచనాల సిరప్పు తీసిస్తాడు. అది కాదు బాబూ, నీళ్లలా తేటగా ఉండేది ఇవ్వమనండి. నూనె ఎంత వెయ్యాలంటే, సూది మొనని ముంచి తీస్తే దానికి అంటుకున్నంత. ఇరుసుకి ఇటో బొట్టు, అటో బొట్టు, వెన్ను స్ప్రింగుకీ మడమకీ మధ్య ఇంకో బొట్టు. నాలుగైదుసార్లు తెరిచి మూసి, పైకొచ్చింది గుడ్డతో తుడిచెయ్యాలి. కారేంత పోస్తే అది నూనె కాదు, జేబులోని పీచుకి ఆహ్వానం.

డబ్ల్యూడీ-40 కొట్టేస్తే పోదా అంటారు కొందరు. దాని పేరులోనే దాని పని ఉంది. ‘వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్’, అంటే నీటిని తోసేసేది. 40 అంటే నలభయ్యో ప్రయత్నం. 1953లో కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో తయారైంది. మొదట్లో అట్లాస్ క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా వాడారు. బిగిసిన మురికిని వదిలించడానికి, తడి తరమడానికి మంచిదే. ఇరుసులో నెలల తరబడి నిలిచే నూనె కావాలంటే మాత్రం దానిలో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది. దాంతో కడగండి, తుడవండి, ఆ తర్వాత నూనె వేరే వెయ్యండి.

కడిగి నూనె వేశాక కూడా కత్తి మొరాయిస్తేనో ఊగితేనో అప్పుడు బిగువు సంగతి. ఇది మనకి కొత్త విద్యేం కాదు. మన ఇళ్లలో ఇరుసున్న సామాను ఎప్పటి నుంచో ఉంది. బ్లేడు పడుకోబెట్టే రకం కత్తిపీట ఉండేది కదా, దాని బోల్టు వదులైతే వంకాయ తెగేటప్పుడు బ్లేడు పక్కకి ఒరుగుతుంది. నట్టు బిగించకుండా మా అమ్మ కూర తరిగేది కాదు. అడకత్తెర ఉంది. రివిట్టు వదులైతే రెండు దవడలూ ఒకదాని పక్కనించి ఒకటి జారిపోయి పోకచెక్క తెగదు, నలుగుతుంది. ఇక పాత క్షౌరకత్తి. సగం బ్లేడు విరిచి పెట్టుకునే కత్తులొచ్చాక అది మూలపడింది గానీ, అది అచ్చమైన మడతకత్తి. దాని రివిట్టుని చిన్న సుత్తితో బహు సుతారంగా తట్టి బిగువు సరిచేసేవారు. బ్లేడు పిడిలోకి మూసుకునేటప్పుడు ఒక పక్కకి ఒరిగిందంటే పదును పిడికి తగిలి చస్తుంది. అందుకే అంత జాగ్రత్త.

రివిట్టు చాకుని బిగించడం ఇప్పటికీ అదే పద్ధతి. రివిట్టు ఒక తలని గట్టి ఇనుము మీద ఆనించాలి. మన మెకానిక్ షెడ్లలో రైలుపట్టా ముక్క ఉంటుందే, అది భేషుగ్గా సరిపోతుంది. రెండో తల మీద గుండుతల సుత్తితో మెల్లగా ఒక్క దెబ్బ. వెంటనే తెరిచి మూసి చూడాలి. చాలకపోతే ఇంకో దెబ్బ. ఇందులో ఒక కిటుకుంది. కూల్‌డ్రింకు అల్యూమినియం డబ్బా గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. దాన్నుంచి చిన్న ముక్క కత్తిరించి, మధ్యలో చీలిక పెట్టి, బ్లేడు మడమకీ పిడి రేకుకీ నడుమ దూర్చి అప్పుడు తట్టండి. తర్వాత ముక్క లాగేస్తే, ఆ మందమంత ఖాళీ మిగులుతుంది. లేకపోతే ఒక దెబ్బ ఎక్కువై కత్తి రాయిలా బిగుసుకుంటుంది. రివిట్టుని బిగించినంత తేలిగ్గా వదులు చెయ్యలేం. ఎముక పిడి, కొమ్ము పిడి చాకులకి ఈ పని ఇంట్లో పెట్టుకోకండి, పిడి చిట్లుతుంది. స్విస్ చాకు మీద అసలు సుత్తి ఎత్తొద్దు. దాని రివిట్లు ఎర్ర ప్లాస్టిక్ పలకల కింద దాక్కుని ఉంటాయి. దానికి స్నానం, నూనె, రోజుకి కాస్త వాడకం, ఇవే మందు. 1891లో స్విస్ సైన్యానికి మొదటి విడత చాకులు అందించిన కార్ల్ ఎల్సనర్ వారసుల కంపెనీ ఇప్పటికీ చెప్పేదీ ఇదే: గోరువెచ్చటి నీళ్లు, తర్వాత నూనె చుక్క.

ఇప్పుడు మరకత్తి దగ్గరికి వద్దాం, అందులో ఉన్నంత సరదా ఇంకెందులోనూ లేదు. పని మొదలెట్టే ముందు పదును పొడుగునా టేపు చుట్టండి. ఆ తర్వాత సరైన మొన ఉన్న స్క్రూడ్రైవరు. ఈ స్క్రూల తలలు చాలావరకు ఆరు రేకుల నక్షత్రం గుంటలు; టార్క్స్ అంటారు. టీ6, టీ8, టీ10 ఈ మూడు కొలతలుంటే దాదాపు ప్రతి కత్తికీ సరిపోతాయి. హైదరాబాదు జగదీశ్ మార్కెట్లో మొబైల్ రిపేరు సామాను అమ్మే చోట పెట్టెల కొద్దీ దొరుకుతాయి. మరీ చవక పెట్టె కొనకండి. మెత్తటి ఇనుము మొన రెండో తిప్పుకే గుండ్రమైపోతుంది, పోతూ పోతూ గుంటని కూడా గుండ్రం చేసి పోతుంది.

ముందు జబ్బేమిటో కనుక్కోవాలి. కత్తి పూర్తిగా తెరిచి, ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో బ్లేడు వెన్నుని పట్టుకుని కుడిఎడమలకి మెల్లగా కదపండి. ఊగిందా, అది ఇరుసు వదులు. స్క్రూతో పోతుంది. ఇప్పుడు పైకీ కిందికీ కదపండి. అలా ఊగితే ఇరుసు కాదు, తాళం. నాలుక మడమ మీద సరిగా కూర్చోవడం లేదు, లేదా అరిగింది. దీన్ని పోగొడదామని ఇరుసు స్క్రూని మెలిపెట్టి మెలిపెట్టి బిగించేవాళ్లున్నారు. స్క్రూ పాపం ఏం చేస్తుంది, దాని పరిధిలో లేని పని! పట్టు జారే తాళమున్న కత్తిని వాడకుండా పక్కన పెట్టడమే క్షేమం. అది మూసుకునేది వేళ్ల మీదికే.

పక్క ఊగుడే అయితే, గడియారం ముల్లు తిరిగే వైపు స్క్రూని తిప్పండి. ఎంత? పూర్తి చుట్టులో ఎనిమిదో వంతు, అంతకన్నా వద్దు. బ్లేడుకి ఇటో వాషరు, అటో వాషరు ఉంటాయి. వాటి బయట పిడి రేకులు. స్క్రూ బిగిస్తే ఈ రేకులు దగ్గరికొచ్చి వాషర్లని బ్లేడు మడమకి అదుముతాయి. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా తేడా తెలిసిపోయేది ఇక్కడే. తిప్పగానే తెరిచి మూసి చూడండి, ఊపి చూడండి, మళ్లీ ఎనిమిదో వంతు. ఊగడం ఆగిన మొదటిచోటే ఆగిపోవాలి. ఒక్కోసారి ఎంత తిప్పినా ఏమీ మారదు. అంటే స్క్రూతోపాటు ఇరుసు మొత్తం తిరుగుతోంది. అప్పుడు అవతలి తలలో ఇంకో స్క్రూడ్రైవరు పెట్టి కదలకుండా పట్టుకోవాలి. అందుకే ఆ పెట్టెలో టీ8లు రెండుండాలనేది.

కొన్ని ఖరీదైన కత్తుల్లో ఇరుసు చుట్టూ కొలత పెట్టి కోసిన గొట్టం ఉంటుంది. స్క్రూ చివరిదాకా బిగించినా బరువంతా గొట్టం మీదే పడుతుంది, బ్లేడు స్వేచ్ఛగానే తిరుగుతుంది. అలాంటి కత్తి ఉన్నవాళ్లు ఈ ఎనిమిదో వంతుల గొడవ వినక్కర్లేదు. టీ తాగి రండి.

మూసినప్పుడు బ్లేడు పిడికి సరిగ్గా నడిమధ్య పడుకుందా లేదా అని కూడా కొందరు నిద్ర మానుకుని చూస్తుంటారు. రేకుకి తగిలి గీరుకుంటుంటే అది పట్టించుకోవాల్సిందే. తగలకుండా ఓ పక్కకి కాస్త జరిగి ఉంటే మాత్రం, నన్నడిగితే, వదిలెయ్యండి. మధ్యకి తేవాలనే పట్టుదలతో ఇరుసు బిగించి నడక పాడుచేసుకోవడం దండగ. సరిచెయ్యాలనే ఉంటే పిడి స్క్రూలన్నీ కాస్త వదిలి, బ్లేడుని మధ్యకి పట్టి ఉంచి, ఒక్కొక్కటే మళ్లీ బిగించి చూడండి. చాలాసార్లు దాంతోనే సర్దుకుంటుంది.

సరిచేసిన బిగువు నిలబడాలంటే మర మీద ఒక బొట్టు నీలిరంగు లాక్‌టైట్. ఎర్రది కాదు. నీలిది మామూలు పనిముట్టుతోనే ఊడుతుంది. ఎర్రది ఊడాలంటే 250 డిగ్రీల దాకా కాల్చాలి. అంత వేడికి పిడి ఉంటుందా, స్ప్రింగు ఉంటుందా! ఏదీ దొరక్కపోతే గోళ్లరంగు చిన్న చుక్క పనికొస్తుంది. ఇంట్లోవాళ్లని అడిగే తీసుకోండి. జిగురేదైనా మర చివరికే పెట్టాలి. వాషర్లలోకి కారిందంటే మొదటికే మోసం.

పూర్తిగా విప్పి శుభ్రం చేద్దామనిపిస్తే, ముందు లోపల ఉన్నవి వాషర్లా బేరింగులా అని తెలుసుకుని మొదలెట్టండి. ఫాస్ఫర్ బ్రాంజు వాషర్లయితే పండగే. మెత్తటి వాటర్ పేపరు 2000 నంబరుది అద్దం మీద పరిచి, వాషరుని వేలితో నాలుగు సున్నాలు చుట్టి రుద్ది, తుడిచి, నూనెపొర రాసి పెడితే కత్తి నడక చూసి మీకే ఆశ్చర్యమేస్తుంది. బేరింగులయితే కింద తెల్ల తువాలు పరుచుకోండి. కొన్నిట్లో గుళ్లు వలయంలో బిగించి ఉండవు. ఒక్కటి దొర్లిందా, సోఫా కింద వెతకడానికి ఇంటిల్లిపాదీ కావాలి.

ఇందాకటి తాళం నాలుక మీద కూడా ఒక గుండు ఉంటుంది, ఆవగింజంతది. కత్తి మూసినప్పుడు అది బ్లేడు మడమలోని చిన్న గుంటలో పడి కూర్చుంటుంది. జేబులో కత్తి తనంతట తాను తెరుచుకోకుండా పట్టి ఉంచేది అదే. మొదట్లో కాస్త బలం పెట్టాలి, గుండు గుంట దాటగానే బ్లేడు సాఫీగా పోవాలి, ఇదీ పద్ధతి. కాబట్టి తెరిచేటప్పుడు మొదటి క్షణం బిగువుగా ఉంటే దాన్ని జబ్బనుకోకండి. మూసిన కత్తిని తలకిందులుగా పట్టి విదిలిస్తే బ్లేడు బయటికొస్తోందా, అప్పుడే భయపడాలి.

నాలుక కొన్నిసార్లు మడమకి అతుక్కుపోతుంది. మూద్దామని తోస్తే బొటనవేలు నొప్పి పుట్టేదాకా కదలదు. టైటానియం నాలుక ఉక్కు మీద పనిచేసే కత్తుల్లో ఇది మామూలే. దీనికి మందు మీ పిల్లల జామెట్రీ బాక్సులో ఉంది. పెన్సిలు తీసుకుని, నాలుక తగిలే మడమ చదును మీద నల్లగా గియ్యండి. పెన్సిల్లో ఉండే గ్రాఫైటు ఎండు కందెన. నూనె అయితే అక్కడ తాళం పట్టు జారే ప్రమాదముంది, గ్రాఫైటుతో అతుక్కోవడం పోతుంది గానీ పట్టు పోదు.

ఇందాక పక్కన పెట్టిన కర్రపిడి కత్తి సంగతి. ఫ్రాన్సులో ఆల్ప్స్ కొండల సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రైతుల కోసం చేసిన చాకు ఈనాటికీ దాదాపు అదే రూపంలో వస్తోంది. పిడి, బ్లేడు, రివిట్టు, కదలని పట్టా, తిరిగే కడియం, అంతే, మొత్తం అయిదు ముక్కలు. ఆ తిరిగే కడియం కూడా 1955లో మార్సెల్ ఒపినెల్ చేర్చిందే. అంతకుముందు అదీ లేదు. బిగువు సరిచేసుకునే స్క్రూ వెతికినా కనపడదు. పిడిది బీచ్ కర్ర. కర్ర తడి తాగుతుంది, ఉబ్బుతుంది, చీలిక ఇరుకై బ్లేడుని పట్టేస్తుంది. జులైలో విశాఖ ముసురులో దాన్ని తెరవడమంటే గోటికి పరీక్షే. అదే కత్తిని మే నెలలో కర్నూలు పట్టుకెళ్తే కర్ర ఎండి, ముడుచుకుని, బ్లేడు వదులుగా తిరుగుతుంది. నా మటుకు నాకు ఇది నచ్చుతుంది. వాతావరణ శాఖ వాళ్ల కన్నా ముందే కత్తి చెప్పేస్తుంది.

సవోయ్ రైతులు దీనికి స్క్రూడ్రైవరు వెతకలేదు. ‘కూ ద్యూ సవోయార్’, అంటే సవోయ్ వాడి దెబ్బ, అని ఒకటి కనిపెట్టారు. కడియం తాళం తీసి, పిడి తోకని బల్ల అంచుకి ఒక్కటి కొడతారు. ఆ ఊపుకి బ్లేడు వెన్ను కాస్త బయటికొస్తుంది, వేళ్లతో పట్టుకుని తెరవొచ్చు. ఏడాది పొడుగునా బిగువే అయితే కత్తిని నీడలో, గాలి తగిలేచోట రెండుమూడు రోజులు ఆరనిచ్చి, గరుకు కాగితం మడిచి చీలిక లోపలి గోడల్ని పలచగా రుద్దండి. తర్వాత చీలికలోకి అవిసెనూనె పట్టించి తుడిచెయ్యండి. గాలికి ముదిరి గట్టిపడే నూనె ఇరుసుకి శత్రువని ఇందాక అన్నాను కదా, కర్రకి కావలసింది సరిగ్గా అదే. గట్టిపడి తడిని లోపలికి రానివ్వదు. అవిసెనూనె తుడిచిన గుడ్డని మాత్రం ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆరే కొద్దీ వేడెక్కి దానంతట అది అంటుకోగలదు. విప్పి తీగ మీద ఆరెయ్యండి. కార్బన్ ఉక్కు బ్లేడు కొన్నవాళ్లు మామిడికాయ కొయ్యగానే నల్లబడిందని కంగారు పడుతుంటారు. పాత ఇనప కత్తిపీట వాడిన అత్తయ్యల్ని అడగండి, నవ్వుతారు. ఆ నలుపు తుప్పు కాదు.

మడతకత్తి అనగానే మన సినిమా రౌడీ చేతిలో మీట నొక్కితే ‘చక్’మని లేచే రాంపురి గుర్తొస్తుంది చాలామందికి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపుర్ దాని ఊరు. నాలుగున్నర అంగుళాలు దాటిన బ్లేడుల్ని అక్కడి ప్రభుత్వం 1990ల్లో నిషేధించడంతో ఆ వృత్తి కుదేలైంది. 2023లో అదే ఊరి కూడలిలో దాదాపు ఇరవై అడుగుల చాకుని నిలబెట్టి చూపించుకున్నారు. మీట కత్తి మీ దగ్గరుంటే దాని స్ప్రింగు జోలికి పోవద్దనే నా సలహా. మామూలు కత్తినైనా సరే, మణికట్టు విదిలించి ‘ఠప్’మని తెరిచే అలవాటు మానండి. మడమా, తెరుచుకున్న బ్లేడుని ఆపే మేకూ ఢీకొని ఢీకొని రెండూ అరుగుతాయి. ఆ హీరోయిజానికి బిల్లు కట్టేది తాళం. అన్నట్టు, విమానం ఎక్కేటప్పుడు ఎంత చిన్న చాకైనా చేతిసంచిలో పెట్టుకోకండి. సామానులో వెయ్యండి, లేకపోతే సెక్యూరిటీ దగ్గర దానికి వీడ్కోలు చెప్పాలి.

ఇవేవీ నా వల్ల కాదు, స్క్రూలూ వద్దు, స్ప్రింగులూ వద్దు అంటారా? జపానులో మీకి అనే ఊరి హిగొనొకామి తెప్పించుకోండి. 1890ల నుంచి చేస్తున్నారు. మడిచిన రేకు పిడి, బ్లేడు, ఒక రివిట్టు. తాళం లేదు, వెన్ను స్ప్రింగు లేదు. బ్లేడు మడమ నుంచి చిన్న తోక ఒకటి బయటికి పొడుచుకొస్తుంది. బొటనవేలితో దాన్ని నొక్కితే కత్తి తెరుచుకుంటుంది, కోస్తున్నంతసేపూ నొక్కి ఉంచితే మూసుకోకుండా ఉంటుంది. తాళం మీ బొటనవేలే. ఇక బిగువంటారా, రివిట్టు చుట్టూ సుత్తితో తడితే బిగుస్తుంది. ఎక్కువ బిగుసుకుంటే పిడి రేకుల మధ్య చదును స్క్రూడ్రైవరు మొన పెట్టి కాస్త ఎడం చేస్తే వదులవుతుంది. కొత్త కత్తి రాగానే చాలామంది బిగువుగా ఉందని తిప్పి పంపేస్తుంటారు. పంపకండి. రాపిడి తప్ప ఇంకే ఆధారమూ లేని కత్తి అది; బిగువుగానే ఉండాలి.